గుత్తాధిపత్యం అంటే పడని అమెరికాలో అన్ని కంపెనీలు ఎలా పుట్టాయి?

చరిత్రపిచ్చి:
వలస పాలనలో అమెరికాలో బిజినెస్ కార్పొరేషన్లు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే కదా, అదే 1790ల్లో వందల్లో పుట్టుకొచ్చాయి. రాజు ఇచ్చే ప్రత్యేక హక్కులంటే మండిపడి తిరగబడ్డ జనం, సొంత చట్టసభల చేత అవే హక్కులు కంపెనీలకి ఎందుకు ఇప్పించారండి?

పాతలెక్కలు:
అప్పటి కంపెనీని ఇప్పటి కంపెనీలా చూడకండి. ఎక్కువగా వంతెనలు, టోల్ రోడ్లు, కాలువలు, బ్యాంకులే. రాష్ట్రాల ఖజానా ఖాళీ, కొత్తగా పన్నేస్తే జనం ఊరుకోరు, అందుకని ఊరికి పనికొచ్చే పని మీ డబ్బుతో చెయ్యండి, బదులుగా టోల్ వసూలు చేసుకోండి అని ఒక్కో కంపెనీకి విడిగా చట్టం చేసి చార్టర్, అంటే కంపెనీ పెట్టుకునే అనుమతి పత్రం, ఇచ్చేవాళ్ళు. 1785లో బోస్టన్ దగ్గర చార్లెస్ నది వంతెనకి ఇచ్చింది ఇలాంటిదే, అక్కడ పడవ రేవు ఆదాయం పోతుందని హార్వర్డ్ కాలేజీకి ఏటా 200 పౌండ్లు కట్టాలని షరతు కూడా పెట్టారు.

నదీతీరం:
కానీ జనానికి కోపం తగ్గలేదండి, అసలు కథ అదే. 1785లోనే పెన్సిల్వేనియా, బ్యాంక్ ఆఫ్ నార్త్ అమెరికాకి తనిచ్చిన చార్టర్ రద్దు చేసి పారేసింది, మళ్ళీ 1787లో ఇచ్చింది. 1799లో ఆరన్ బర్ అనే రాజకీయ నాయకుడు, ఆయన మనుషులు న్యూయార్క్‌కి మంచినీళ్ళు ఇస్తామని మన్‌హట్టన్ కంపెనీ చార్టర్ తెచ్చుకుని, మిగిలిన పెట్టుబడి వేరే వ్యాపారాల్లో పెట్టుకోవచ్చన్న ఒక్క వాక్యం పట్టుకుని బ్యాంకు తెరిచారు! పలుకుబడి ఉన్నోడికే చార్టర్ అయితే మిగతావాళ్ళ గతేంటి? అప్పుడు కంపెనీలే వద్దనకుండా అందరికీ ఇవ్వండి అనే వాదన గెలవడం నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది. న్యూయార్క్ 1811లోనే బట్టలు, గాజు, ఇనుము లాంటి తయారీ కంపెనీలకి ఈ దారి తెరిచింది, కాగితాలు దాఖలు చేస్తే చాలు, కాకపోతే పెట్టుబడి లక్ష డాలర్లు దాటకూడదు, ఆయుష్షు 20 ఏళ్ళే.

చరిత్రపిచ్చి:
మరి 1819లో డార్ట్‌మౌత్ కాలేజీ కేసులో సుప్రీంకోర్టు చార్టర్ అంటే కాంట్రాక్టే, రాష్ట్రం ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు అంది కదా? రాష్ట్రాల చేతులు కట్టేసినట్టే కదండీ?

పాతలెక్కలు:
పూర్తిగా కాదండి. ఆ తర్వాత ఇచ్చే చార్టర్లలో చాలా రాష్ట్రాలు "మార్చే, రద్దు చేసే హక్కు మాదే" అని ముందే రాసుకోవడం మొదలుపెట్టాయి. ఇక 1837లో ఆ చార్లెస్ నది వంతెన కేసే కోర్టుకెక్కితే, పక్కనే ఇంకో వంతెన కట్టకూడదని చార్టర్లో స్పష్టంగా లేదు కాబట్టి పోటీని ఆపలేమని తీర్పొచ్చింది, పాత కంపెనీ ఓడిపోయింది.