అప్‌డేట్: స్టేజీ మీద వయొలిన్లు, ఫ్లూట్లు శ్రుతి తప్పే సమస్య తీరింది

బరంపురంలో ఆర్కెస్ట్రా రిహార్సళ్లకు స్టేజీ పని చూసే వాలంటీర్ల తరఫున అడిగాను: మొదలైన కాసేపటికే వయొలిన్ల శ్రుతి దిగిపోతోంది, ఫ్లూట్, క్లారినెట్‌లది పెరుగుతోంది అని. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

పనిచేసింది "లైట్లు ముందే వేయండి" అన్న మాట. వాద్యాలు ఏసీ గదిలోంచి నేరుగా వేడి లైట్ల కిందికి వస్తున్నాయి. వేడికి తీగలు సాగి శ్రుతి దిగుతుంది. గొట్టంలో గాలి వేడెక్కితే ధ్వని వేగం డిగ్రీకి సెకనుకు 0.6 మీటర్ల చొప్పున పెరిగి ఫ్లూట్ శ్రుతి ఎక్కుతుంది. రెండూ చెరో దిక్కుకు పోతాయి కాబట్టే తేడా అంత గట్టిగా వినబడింది. ఇప్పుడు అరగంట ముందే లైట్లు వేసి, పెట్టెలు తెరిచి వాద్యాలను స్టేజీ పక్కన, లైటు నేరుగా పడనిచోట ఉంచుతున్నాం. ఆ తర్వాతే ఓబో (క్లారినెట్‌లాంటి ఊదే వాద్యం) ఇచ్చే 440 హెర్ట్జ్ స్వరానికి అందరూ శ్రుతి చేసుకుంటారు. విరామం అయ్యాక మళ్లీ ఒకసారి తప్పదు.

రెండు వయొలిన్లది వేరే జబ్బు. సముద్రపు తేమకు తీగలు చుట్టే చెక్క బిరడాలు (పెగ్‌లు) ఉబ్బి బిగుసుకున్నాయని రిపేరు చేసేవారు తేల్చారు. ఊడదీసి, బిరడా జారకుండా సాఫీగా తిరిగేలా చేసే పెగ్ పేస్టు రాసి బిగించారు. నూనె మాత్రం పొరపాటున కూడా రాయొద్దు, బిరడా నిలవదు.

కొత్త తీగలు, కొత్త ట్యూనర్లు అక్కర్లేకపోయింది. ముందుగా లైట్లు వేయడానికి హాలువాళ్లను బుకింగ్ రోజే అడగండి.