సరస్సు నీటిమట్టం అంచనా: ఒక్క అంకె చెప్పమంటే ఎందుకు చెప్పరు?

తీరంవాసి:
అమెరికా ఆర్మీ ఇంజనీర్లు, కెనడా పర్యావరణ శాఖ కలిసి మహా సరస్సుల (సుపీరియర్, మిషిగన్, హ్యూరాన్, ఈరీ, అంటారియో) నీటిమట్టం వచ్చే ఆరు నెలల్లో ఎలా ఉంటుందో ప్రతి నెలా చెబుతారు. గ్రాఫ్ చూస్తే మధ్యలో ఒక గీత, దాని చుట్టూ ఒక పట్టీ. మొదటి నెలలో సన్నగా మొదలై ఆరో నెలకి గరాటులా విచ్చుకుంటుంది. పెరగొచ్చు, తగ్గొచ్చు అని చెప్పడానికి ఇంత గ్రాఫ్ ఎందుకండీ? గోడ ఎంత ఎత్తు కట్టాలో తేల్చుకునేవాడికి కావాల్సింది ఒక అంకె. చెప్పండి, తప్పితే తప్పామని ఒప్పుకోండి. పట్టీ గీసినవాడు ఎప్పటికీ దొరకడు, అదే వాళ్లకున్న సుఖం.

కొలబద్ద:
తీరంవాసి గారూ, నీటిమట్టం డేటాతోనే నా పని, కాబట్టి కొంచెం పక్షపాతం ఉంటుంది, ముందే చెప్పేస్తున్నా.

మిషిగన్, హ్యూరాన్ మ్యాప్‌లో రెండు సరస్సులు, నీటి లెక్కకు మాత్రం ఒక్కటే. మధ్యలో జలసంధి కలిపేస్తుంది, మట్టం రెండింటికీ సమానం. విస్తీర్ణం దాదాపు 1,17,000 చదరపు కిలోమీటర్లు. అందులో ఒక్క సెంటీమీటరు అంటే మన లెక్కలో 41 టీఎంసీలు! ఇప్పుడు ఆరు నెలల ముందే సెంటీమీటర్లలో చెప్పమంటున్నారు. అంటే పడబోయే వాన, నదులు తెచ్చే నీరు, ఆవిరై పోయేది, మూడూ ముందే తెలియాలి.

అన్నిటికన్నా చిక్కు ఆవిరి. ఎండాకాలంలో ఎక్కువ అనుకుంటాం కదా, ఇక్కడ తిరగబడుతుంది. వేసవంతా వేడెక్కిన నీటి మీదికి శరదృతువులో, చలికాలం మొదట్లో పొడి చలిగాలి వచ్చి పడుతుంది. అసలు నష్టం అప్పుడు. ఏ వారం ఎంత చలిగాలి వస్తుందో జూన్‌లో ఎవరు చెప్పగలరు? 2013 జనవరిలో మిషిగన్-హ్యూరాన్ సముద్రమట్టం నుంచి 175.57 మీటర్లకు పడిపోయింది, కొలతలు మొదలయ్యాక అదే కనిష్ఠం. తర్వాతి రెండేళ్లలోనే మీటరు దాకా పెరిగింది. 2020లో జనవరి నుంచి ఆగస్టు వరకు ప్రతి నెలా ఆ నెల పాత గరిష్ఠ రికార్డు బద్దలైంది. 2012లో మీకు ఒక్క అంకె ఇచ్చి ఉంటే దాన్ని పట్టుకుని గోడ కట్టేవారా?

తీరంవాసి:
కట్టేవాణ్ణి కాదు, సరే. కానీ నా రెండో మాటకు జవాబు రాలేదు. పట్టీ ఎప్పుడు తప్పినట్టు?

కొలబద్ద:
మంచి ప్రశ్నే. పదిలో తొమ్మిదిసార్లు నిజం లోపల ఉండాలని పట్టీ గీశామనుకోండి. అప్పుడు పదిలో ఒకసారి బయట పడి తీరాలి. ఎప్పుడూ బయట పడకపోతే భయంతో మరీ వెడల్పు గీశామన్నమాట. మాటిమాటికీ పడితే మరీ ధీమాగా ఉన్నాం. రెండూ తప్పులే, రెండూ పాత నెలల లెక్కతో బయటపడతాయి. ఒక్క అంకెకు ఆ పరీక్ష లేదు, ప్రతిసారీ ఎంతోకొంత తప్పే అది.

మూడోగట్టు:
మీరిద్దరూ నెల సగటు దగ్గరే ఆగిపోయారు. ఇంట్లోకి నీళ్లు తెచ్చేది సగటు కాదు.

ఈరీ సరస్సు పొడుగ్గా ఉంటుంది, లోతు తక్కువ. నైరుతి నుంచి గట్టి గాలి గంటల తరబడి తోస్తే పడమటి చివరనున్న టొలీడో వైపు నీరు వెనక్కి పోయి బురద తేలుతుంది. అదే సమయంలో తూర్పు చివరనున్న బఫెలో దగ్గర నీరు గట్టెక్కుతుంది. రెండు చివర్ల మధ్య తేడా రెండు మీటర్లు దాటిన సందర్భాలున్నాయి. గాలి ఆగాక పళ్లెంలో నీళ్లలా అటూ ఇటూ ఊగుతుంది. సరస్సులో నీరు మాత్రం చుక్క పెరగలేదు! నెల గ్రాఫ్‌లో ఇదేమీ కనిపించదు. గోడ కట్టేవాడు సగటు మీద గాలి ఎత్తు కూడా కలుపుకోవాలి.

చుక్కనీరు:
ఉపగ్రహాలు వచ్చాక ఇంకా ఒడ్డున మట్టం కొలిచే గేజ్‌లు ఎందుకు అని అడుగుదామనుకున్నా. మూడోగట్టు గారి మాటతో సగం జవాబు దొరికింది, ఉపగ్రహం పది రోజులకోసారి అలా దాటి వెళ్తే ఈ ఊపు ఎలా పట్టుకుంటుంది? అయినా ఒక మాట. ఆఫ్రికాలోని విక్టోరియా లాంటి సరస్సుకు వచ్చే నీటిలో 80 శాతం దాకా నేరుగా నీటి మీద పడే వానే, అక్కడ వాన కొలిచే గిన్నెలు ఎవరు పెడతారు? 2004-06లో ఆ సరస్సు బాగా తగ్గినప్పుడు కరువు వల్లనా, ఉగాండాలో ఆనకట్ట నుంచి ఎక్కువ వదలడం వల్లనా అని పెద్ద గొడవ. 1992 నుంచి పైనుంచి కొలుస్తున్న లెక్క ఏ దేశం అనుమతీ లేకుండా ఎవరైనా చూసుకోవచ్చు. అది చిన్న విషయం కాదు.

కొలబద్ద:
ఒప్పుకుంటా, రెండూ కావాలి. గేజ్ ఎప్పుడైనా దగ్గర్నుంచి చూశారా? ఒడ్డున చిన్న గది, లోపల నిలువు బావి. అడుగున సన్నటి దారి గుండా సరస్సు నీరు లోపలికి వస్తుంది. బయట అల ఎంత ఎగిరిపడినా లోపల నీరు కదలనట్టే ఉంటుంది. అమెరికా వైపు ఆరు నిమిషాలకోసారి కొలత నమోదవుతుంది. ఇంకో తిరకాసు: మంచుయుగపు హిమం బరువు దిగాక ఉత్తరాన నేల ఇప్పటికీ మెల్లగా లేస్తోంది. గేజ్ నిలబడ్డ నేలే కదులుతుంది, అందుకే కొలతల మూలమట్టాన్ని కొన్ని దశాబ్దాలకోసారి సరిచేస్తారు. 1955, 1985లవి అలా వచ్చినవే.

తీరంవాసి:
అంటారియో సరస్సులో 2017 వరద మాటేమిటి మరి? ఆ జనవరిలోనే ఆ సరస్సు నీటిని కిందికి వదిలే ఆనకట్ట విడుదలకు కొత్త పద్ధతి తెచ్చారు, వసంతానికి ఒడ్డు మునిగింది. అంచనా సరిగా ఉంటే ముందే వదిలేవారు కదా?

మూడోగట్టు:
తేదీలు అలా కలిశాయి కాబట్టి అందరి కోపం ఆ పద్ధతి మీదే పడింది. అప్పుడే అటవా నది కూడా పొంగి, ఆనకట్టకు దిగువనున్న మాంట్రియల్‌ను ముంచింది. పైన తలుపులు ఎత్తితే కింద ఊళ్లు ఇంకా మునుగుతాయి. ఎవరి ఇంట్లో నీళ్లుండాలన్నది అంచనా తేల్చే సంగతి కాదండీ.

తీరంవాసి:
సరే, ఒక్క అంకె వాదన వెనక్కి తీసుకుంటున్నా. కానీ పట్టీ కూడా నాకు ఉపయోగపడే తీరులో లేదు. "ఫలానా ఎత్తు దాటే అవకాశం ఇంత" అని చెబితే గోడ లెక్క నేనే వేసుకుంటా. ఈలోగా పాత గ్రాఫులు దించుకుని, పట్టీ బయట పడ్డ నెలలు లెక్కపెడతా. పదిలో ఒకటి కంటే మరీ తక్కువొస్తే మళ్లీ ఇక్కడికే వస్తా, కొలబద్ద గారూ.