వాన నీళ్లు, వేడెక్కే చక్రం, ఏసీ: మా కారవాన్ ట్రైలర్‌కి ముందు ఏది చేయించాలి?

కావలివాసి

అందరికీ నమస్తే. మాది కావలి. బెంగళూరులో ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్ కారవాన్ ట్రైలర్ కొన్నాను. 14 అడుగులది, ఒకటే యాక్సిల్, బయట ఫైబర్ షీటు, లోపల ప్లైవుడ్. స్కార్పియోకి తగిలించుకుని లాగుతాం. కొన్నది మా అమ్మ కోసం. ఆమెకు మోకాళ్లు అరిగిపోయాయి, కింద కూర్చునే టాయిలెట్ కుదరదు, దారిలో ఎక్కడ ఆగినా అదే టెన్షన్, అందుకని ఊరు దాటడమే మానేసింది. ఈ బండి వచ్చాక సోమశిల, పెంచలకోన, శ్రీశైలం అన్నీ చూసింది. పిల్లల కంటే ఆమే ముందు తయారై కూర్చుంటుంది.

ఇప్పుడు సమస్యలు ఒకేసారి వచ్చి పడ్డాయి. 2023 డిసెంబరు మిచాంగ్ తుపానుకి మొదటిసారి కిటికీ మూల నుంచి నీళ్లు కారాయి. ఎం-సీల్ పూశాను. ఒక ఏడాది ఆగింది, మళ్లీ మొదలైంది, ఇప్పుడు ఆ కిటికీ కింద నేల మీద కాలు పెడితే మెత్తగా దిగుతోంది. రెండోది, శ్రీశైలం నుంచి వస్తూ మార్కాపురం దగ్గర టీకి ఆగినప్పుడు ఎడమ చక్రం మీద చెయ్యి పెడితే చుర్రుమంది, కుడిది మామూలుగానే ఉంది. మూడోది, పాత 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్ల) బ్యాటరీ రాత్రి 2 గంటలకే చేతులెత్తేస్తోంది. ఫ్రిజ్ ఆగిపోతే అమ్మ ఇన్సులిన్ గురించి భయం.

చేతిలో లక్షన్నర ఉంది. ఇంట్లో అందరూ ఏసీ పెట్టించమంటున్నారు, మన నెల్లూరు ఎండ సంగతి తెలుసు గదా. లిథియం బ్యాటరీ, సోలార్, ఏసీ మూడూ కలిపి చేయిస్తామని ఒక షాపువాళ్లు చెప్పారు. చేయించేయాలా? మీరు అయితే ఏం చేస్తారు?

ఆటోనగర్ పానా

తమ్ముడూ, ఆ డబ్బులో ఒక్క రూపాయి కూడా ఏసీ మీద పెట్టకముందు ఆ ఎడమ చక్రం విప్పించు. విప్పేదాకా ఆ బండిని రోడ్డు ఎక్కించొద్దు, పక్క ఊరికి కూడా. ఒక చక్రం చల్లగా ఉండి రెండోది కాలుతోందంటే బేరింగ్ పోతూ ఉండాలి లేదా బ్రేకు షూ వదలకుండా పట్టుకుని ఉండాలి. రెండిట్లో ఏదైనా సరే 80 స్పీడులో హబ్బు (చక్రం మధ్యలో బేరింగులు కూర్చునే భాగం) పట్టేస్తే చక్రం ఊడి పక్క లేన్‌లోకి పోతుంది. నేను నెల్లూరు ఆటోనగర్‌లో 22 ఏళ్లుగా ట్రైలర్ల పని చేస్తున్నాను, అట్టా ఊడొచ్చిన చక్రాలు చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నా.

జాకీ పెట్టి లేపు. చక్రం చేత్తో తిప్పు, గరగర శబ్దం వస్తే బేరింగ్, తిరగడానికి బరువుగా ఉంటే బ్రేకు. తర్వాత చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపు, టకటకలాడితే వదులు ఎక్కువైందని అర్థం. బేరింగులు తీసి కిరోసిన్‌లో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, రోలర్ల మీద నీలం మచ్చ గానీ గుంటలు గానీ కనిపిస్తే కొత్తవే వెయ్యి, రోలర్లు తిరిగే బయటి రింగుతో సహా. పాత గ్రీజు మీద కొత్త గ్రీజు కలపొద్దు, రకాలు కలిస్తే నీళ్లలా కారిపోయేవి ఉన్నాయి. వేడికి తట్టుకునే లిథియం కాంప్లెక్స్ గ్రీజు రోలర్ల మధ్యలోకి దూరేదాకా అరచేత్తో ఒత్తి పెట్టాలి. సీలు కొత్తది, స్ప్లిట్ పిన్ను కొత్తది. నట్టు బిగించేటప్పుడు చక్రం తిప్పుతూ బిగించి, మళ్లీ వదులు చేసి, ఆఖరికి చేతి వేళ్లతో ఎంత బిగుస్తుందో అంతే. పానాతో బిగదీస్తే మళ్లీ వేడెక్కుతుంది. ఇది ఏడాదికి ఒకసారి, బండి తిరిగినా తిరగకపోయినా. మైపాడు, కొత్తపట్నం బీచ్‌లలో ఉప్పునీళ్లలోకి చక్రాలు దిగాయంటే ఏడాది దాకా ఆగొద్దు, ఆ వారమే విప్పాలి.

టైరు పక్కన డాట్ అని ఉండి చివర నాలుగు అంకెలు ఉంటాయి చూడు. 2318 అని ఉంటే 2018లో 23వ వారం తయారైంది. ట్రైలర్ టైర్లు అరిగి పోవడం తక్కువ, నిలబడి నిలబడి ఎండకి పోతాయి. గుండీలు, అంటే రోడ్డుకి ఆనే గట్లు, కొత్తగా కనపడుతున్నా ఆరేళ్లు దాటితే మార్చేయ్, స్టెప్నీతో సహా. ఇంకో మాట, ఎండాకాలం గాలి తగ్గించి కొట్టించుకునే అలవాటు మన దగ్గర చాలామందికి ఉంది. గాలి తక్కువైతేనే టైరు గోడ ఎక్కువ మడత పడి వేడెక్కుతుంది. పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు, ట్రైలర్ ప్లేటు మీద రాసినంత కొట్టించు.

బరువు ఎప్పుడైనా తూయించావా? ట్రైలర్ మొత్తాన్ని కాటా మీద పెట్టించు, ఆర్సీలో రాసిన బరువు దాటకూడదు. ముక్కు బరువుకి, అంటే ట్రైలర్ ముందు కొస కారు హుక్కు మీద మోపే బరువుకి, ఇంట్లో మనుషులు ఎక్కే మిషను చాలు, దాని మీద చెక్క దిమ్మె నిలబెట్టి కప్లర్‌ని (హుక్కుకి తగిలించే ఆ కొసని) కారు హుక్కు ఎత్తులోనే ఆనించు. మొత్తంలో 10 శాతం దగ్గర ఉండాలి, హుక్కు మీద రాసిన పరిమితి మాత్రం దాటకూడదు. వెనక బరువెక్కువైతే లారీ పక్కనుంచి పోయిన గాలికే తోక ఊగుతుంది. అట్టా ఊగితే స్టీరింగ్ అటూ ఇటూ తిప్పొద్దు, బ్రేకు తొక్కొద్దు, యాక్సిలరేటర్ మీద కాలు తీసి నేరుగా పట్టుకో.

తుమ్మలపెంట ఫైబర్

అన్నా, నీళ్ల సంగతి నాకు వదిలేయండి. నేను ఫైబర్ పడవలు రిపేరు చేస్తాను, మీ ట్రైలర్ గోడా మా పడవా ఒకే జాతి.

ముందు తెలుసుకోవాల్సింది ఏందంటే, నీళ్లు కారిన చోటే లోపలికి దిగాయని అనుకోకూడదు. పైకప్పు మీద ఎక్కడో స్క్రూ పక్కన దిగి, ప్లైవుడ్‌కీ ఫైబర్‌కీ మధ్య పాకి, కిటికీ మూలకి వచ్చి బయటపడుతుంది. ఎం-సీల్ గట్టిగా బిగుసుకుపోతుంది, బండి రోడ్డు మీద ప్రతి గుంటకీ మెలి తిరుగుతుంది, అది పగలక ఏం చేస్తుంది చెప్పండి. సిలికాన్ కూడా వద్దు. ఒకసారి సిలికాన్ పూస్తే తర్వాత దాని మీద ఏదీ అంటదు, గీకి గీకి తీయాల్సిందే.

దిగే చోటు కనుక్కోవడానికి మేం చేసే పని ఇది. కిటికీలు, తలుపు మూసేసి, పైన గాలి కిటికీ దగ్గర బ్లోయర్ పెట్టి గాలి లోపలికి కొట్టించండి. సింకు గొట్టాలు గుడ్డలతో మూయండి. బయట అతుకులన్నిటి మీదా సబ్బునీళ్లు పొయ్యండి. బుడగలు లేచిన ప్రతి చోటా నీళ్లు దిగే దారి ఉన్నట్టు. సుద్దముక్కతో గుర్తు పెట్టుకోండి. తర్వాత లోపల స్క్రూడ్రైవర్ పిడితో గోడంతా కొట్టుకుంటూ రండి, గట్టి చెక్క టకటక అంటుంది, నానింది బొదబొదమంటుంది.

కిటికీ ఫ్రేము మొత్తం ఊడదీయాలి. పైపైన పూత పూస్తే లాభం లేదు. పాత జిగురంతా గీకి, స్పిరిట్‌తో తుడిచి, ఫ్రేము వెనక బ్యూటైల్ టేపు (మెత్తటి జిగురు రబ్బరు పట్టీ) పెట్టి బిగించి, బయట అంచుకి పీయూ సీలెంట్. పీయూ అంటే పాలీయురితేన్, రబ్బరులా సాగుతుంది. నేల మెత్తబడిన చోట పుచ్చిన ప్లైవుడ్ గట్టి చెక్క వచ్చేదాకా కోసి తీసేయాలి, సగం సగం వదిలితే ఆ చెమ్మ పక్కకి పాకుతుంది. ఎండలో ఫ్యాను పెట్టి వారం రోజులైనా ఆరనివ్వండి. కొత్త ముక్క ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై, దాని అన్ని వైపులా, కోసిన అంచులకి రెండు సార్లు, ఎపాక్సీ రెజిన్. పడవలకి వాడే మామూలు పాలిస్టర్ రెజిన్ చవకే గానీ చెక్కని ఎపాక్సీ పట్టినంత గట్టిగా పట్టదు. ఈ పని అక్టోబరు లోపల ముగించండి, మనకి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే గదా కుమ్మేది.

బీచ్ నుంచి వచ్చిన రోజే ఛాసిస్ కింద మంచినీళ్లతో కడగండి. తుప్పు పట్టిన చోట వైరు బ్రష్‌తో తోమి జింకు పూత కొట్టండి. మా పడవల బోల్టులు చూస్తే ఉప్పుగాలి ఏం చేస్తుందో మీకే తెలుస్తుంది.

సింగరాయకొండ కరెంటు

నేను రొయ్యల గుంటల దగ్గర మోటార్లు, సోలార్ చూస్తాను. లెక్క చెప్తాను, నిర్ణయం మీది.

చిన్న గదికి ఇన్వర్టర్ ఏసీ, గది చల్లబడ్డాక సగటున 500 వాట్లు తీసుకుందనుకోండి. 8 గంటలకి 4 యూనిట్లు, ఇన్వర్టర్ నష్టం కలిపితే నాలుగున్నర దాకా. 12 వోల్టుల 100 ఏహెచ్ లిథియం బ్యాటరీలో ఉండేది 1.28 యూనిట్లు. అంటే ఒక్క రాత్రికి నాలుగు బ్యాటరీలు కావాలి. మీ పైకప్పు మీద పట్టే 400 వాట్ల ప్యానెల్ మన ఎండకి రోజుకి సుమారు ఒకటిన్నర యూనిట్ ఇస్తుంది. ఒక రాత్రి ఏసీ వాడితే నింపడానికి మూడు రోజులు. ఆ షాపువాళ్లు ఈ లెక్క మీకు చెప్పారా? ఏసీ పెట్టుకోండి, తప్పు లేదు, కానీ ప్లగ్ దొరికే చోటే నడిపేలా పెట్టుకోండి.

ఏసీ తీసేస్తే లెక్క అందంగా కుదురుతుంది. 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్‌కి ఎండాకాలంలో రోజుకి 700 వాట్-అవర్లు (వెయ్యి అయితే ఒక యూనిట్), రెండు డీసీ ఫ్యాన్లు రాత్రంతా 320, లైట్లు, పంపు, ఫోన్లు 150. మొత్తం 1.2 యూనిట్లు. 200 ఏహెచ్ లిథియం, 400 వాట్ల ప్యానెల్ ఉంటే మబ్బు పట్టినా రెండు రోజులు ఇన్సులిన్‌కి భయం లేదు. పైకప్పుకి తెల్లటి కూల్ రూఫ్ పూత కొట్టించండి, కిటికీలకి బయట వైపు నీడ కట్టండి. లోపల కర్టెన్ వేస్తే వేడి అప్పటికే లోపలికొచ్చేసి ఉంటుంది.

లిథియం పెట్టేటప్పుడు జాగ్రత్తలు. పాత బ్యాటరీతో కలిపి జోడించొద్దు. మీ పాత ఛార్జర్ 13.6 వోల్టుల దగ్గర ఆగిపోయే రకమైతే లిథియం నిండదు, 14.2 నుంచి 14.4 ఇచ్చేది కావాలి. కారు ఆల్టర్నేటర్ నుంచి నేరుగా వైరు లాగొద్దు, లిథియం ఎంత దొరికితే అంత గుంజుతుంది, ఆల్టర్నేటర్ కాలిపోతుంది. మధ్యలో ఆ కరెంటుని అదుపులో పెట్టే 20 లేదా 30 ఆంపియర్ల డీసీ-డీసీ ఛార్జర్ పెట్టండి. బ్యాటరీ ప్లస్ దగ్గరే, జానెడు దూరంలో, ఫ్యూజు ఉండాలి. 1500 వాట్ల ఇన్వర్టర్ 12 వోల్టుల మీద 140 ఆంపియర్ల దాకా లాగుతుంది, దానికి ఇంటి వైరింగ్ వైరు వాడితే మంటే. 35 నుంచి 50 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, పొడవు వీలైనంత తక్కువ.

బయట సత్రంలోనో లాడ్జిలోనో ప్లగ్ పెట్టే ముందు ఎర్తింగ్ టెస్టర్‌తో చూడండి. ట్రైలర్ లోపల 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకవగానే సరఫరా ఆపేసే స్విచ్చు) తప్పనిసరి. ఛాసిస్‌కి షాక్ వస్తే మొదట తగిలేది కింద నుంచి మెట్టెక్కుతూ రెయిలింగ్ పట్టుకునే మీ అమ్మగారికే.

కందుకూరు టీచరమ్మ

బాబూ, అందరూ బండి గురించి చెప్పారు, నేను అమ్మగారి గురించి చెప్తాను. మా అత్తగారిని ఇలాగే నాలుగేళ్లు తిప్పాం.

టాయిలెట్ పక్కన పట్టుకునే కడ్డీ పెట్టించావా? ఫైబర్ గోడకి నేరుగా స్క్రూ కొడితే మనిషి బరువుకి ఊడొచ్చేస్తుంది. నేల విప్పుతున్నారు కాబట్టి ఇదే సమయం, గోడ లోపల మందపాటి ప్లై ముక్క పెట్టించి దానికి బిగించండి. గుమ్మం మెట్టు ఎత్తు కూడా కొలువు. ఒక్కటే ఎత్తు మెట్టు ఉంటే మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకి నరకం. మేం వెడల్పాటి ఇనుప మెట్టు ఒకటి కింద అదనంగా చేయించాం, పైన గరుకు టేపు అంటించాం.

టాయిలెట్ డబ్బాని దయచేసి కాలవ గట్టునా చెట్ల వెనకా పోయకండి. ఏదైనా టాయిలెట్‌లోనే పొయ్యండి. డబ్బాలో వేసే మందు ఫార్మాల్డిహైడ్ లేనిది కొనండి, లేకపోతే వాళ్ల సెప్టిక్ ట్యాంకులో సూక్ష్మజీవులు చచ్చిపోతాయి.

గ్యాసు సిలిండరు ఎక్కడుంది? లోపల మంచం కింద ఉంటే ఈ రోజే బయటికి మార్చు. గ్యాసు గాలి కంటే బరువు, లీకైతే నేల మీద పేరుకుంటుంది, అందుకే నేల మట్టంలో గాలి పోయే రంధ్రం ఉండాలి, దాన్ని చీమలొస్తున్నాయని గుడ్డ పెట్టి మూయొద్దు. పైపు మీద తేదీ చూడు, ఐదేళ్లు దాటితే మార్చు. సిలిండరు పైన ఏ, బీ, సీ, డీ అక్షరంతో సంవత్సరం ఉంటుంది, ఏ అంటే జనవరి నుంచి మార్చి, అలా. ఆ గడువు దాటిన సిలిండరు తీసుకోవద్దు.

కావలివాసి

అందరికీ దండాలు. మూడు వారాలు పట్టింది, అయినంతవరకు చెప్తాను.

ఆటోనగర్ అన్నా, మీరు చెప్పినట్టే ఎడమ వైపు లోపలి బేరింగ్ రోలర్లు నీలంగా మారిపోయాయి, గ్రీజు నల్లటి పొడిలా రాలింది. టైరు నంబరు 1117. మూడు టైర్లూ, రెండు వైపులా బేరింగులూ మార్పించాను. కాటాలో 1140 కిలోలు, ముక్కు బరువు 60 మాత్రమే వచ్చింది. వెనక ఉన్న 80 లీటర్ల నీళ్ల ట్యాంకు నింపుకుని తిరగడం వల్ల అది. ఇప్పుడు ఖాళీగా లాగి, దిగే ఊళ్లో నింపుకుంటున్నాం, టూల్ బాక్స్ ముందుకి జరిపాను, 105 వస్తోంది. హుక్కు మీద 120 అని ఉంది.

బుడగలు కిటికీ దగ్గర రాలేదు. పైకప్పు గాలి కిటికీకి రెండు స్క్రూల దగ్గర వచ్చాయి, అక్కడి నుంచి గోడలో నాలుగడుగులు దిగింది నీళ్లు. నేల కోస్తే రెండడుగుల చదరం పుచ్చిపోయి ఉంది. తుమ్మలపెంట తమ్ముడు వచ్చి చేసిపెట్టాడు. కడ్డీ కూడా అప్పుడే బిగించాం, మేడమ్. సిలిండరు నిజంగానే మంచం కింద ఉండేది, ముందు వైపు బయట పెట్టె చేయించాను.

ఏసీ ఈ సారికి ఆపేశాను. 200 ఏహెచ్ లిథియం ఆర్డరు పెట్టాను. నిన్న కావలి నుంచి సింగరాయకొండ దాకా హైవే మీద పోయి ఆగి రెండు హబ్బుల మీదా చెయ్యి పెట్టాను, రెండూ ఒకే వెచ్చదనం. అమ్మ కొత్త మెట్టు మీద నుంచి తనే దిగి, భైరవకోన ఎప్పుడు అని అడిగింది.

సింగరాయకొండ అన్నా, ఒక్క ప్రశ్న మిగిలింది. బ్యాటరీ మంచం కింద పెట్టెలో పెడదామనుకుంటున్నా, గాలి ఆడదు. మే నెల వేడికి పర్వాలేదా?

సింగరాయకొండ కరెంటు

మూసిన పెట్టెలో వద్దు. చాలా లిథియం సెల్స్‌కి ఛార్జింగ్ పరిమితి 45 నుంచి 55 డిగ్రీల మధ్య ఉంటుంది, మీ డేటాషీట్‌లో చూడండి. మే నెలలో బయటే 44 ఉంటే పెట్టెలో ఎంతవుతుందో ఊహించండి. అది దాటితే బీఎంఎస్, అంటే బ్యాటరీ లోపల దాన్ని కాపాడే సర్క్యూట్, ఛార్జింగ్ ఆపేస్తుంది, మధ్యాహ్నం సోలార్ వచ్చే టైముకే ఆగుతుంది. పెట్టెకి కింద ఒక వైపు, పైన ఎదురు వైపు రంధ్రాలు కొట్టించి, చిన్న 12 వోల్టుల కంప్యూటర్ ఫ్యాను పెట్టండి. ఆ రంధ్రాలు గది లోపలికి ఉండాలి, బయట రోడ్డు దుమ్ము వైపు వద్దు. ఫిట్ చేసే ముందు ఫొటో పెట్టండి, చూసి చెప్తాను.