బెంగళూరులో చిన్న ఎర్రజెండా పార్టీ అభ్యర్థికి పనిచేసినవాళ్లు ఉన్నారా?

పీణ్యా_శ్రీను:
మా యూనియన్ అన్న వచ్చే లోక్‌సభ ఎన్నికల్లో ఒక చిన్న కమ్యూనిస్టు పార్టీ తరఫున నిలబడదామనుకుంటున్నారు. నామినేషన్ పత్రంలో ఆయన పేరు ప్రతిపాదిస్తూ నన్ను సంతకం పెట్టమన్నారు. ఆయనంటే నాకు చాలా గౌరవం, కానీ కొంచెం టెన్షన్‌గా ఉంది. మీ అనుభవాలు చెప్పండి.

మారతహళ్ళి_అక్క:
తమ్ముడూ, 2024లో నేను పెట్టాను. ఎన్నికల సంఘం గుర్తింపు ఉన్న పార్టీకైతే ఒక్కరి సంతకం చాలు. లేని పార్టీకి పదిమంది కావాలి, అందరూ ఆ నియోజకవర్గం ఓటర్లే అయి ఉండాలి. మాకు కష్టమంతా అక్కడే వచ్చింది. మనవాళ్లను ఎవరిని అడిగినా ‘మా ఓటు కర్నూల్లో ఉంది’, ‘మాది నెల్లూరులో ఉంది’ అన్నారు. పదేళ్లుగా ఇక్కడే ఉంటున్నా ఓటు మార్చుకోలేదు. తీరా పదిమంది దొరికాక ఓటర్ల జాబితాలో ఇద్దరి పార్ట్ (భాగం) నంబర్లు తప్పని తేలింది. నామినేషన్ ముందురోజు రాత్రి జాబితా పట్టుకుని ఇంటింటికీ తిరిగాం. సంతకం పెట్టినందుకు నీ మీద డబ్బు బాధ్యతేమీ పడదు, భయపడకు.

కేఆర్‌పురం_రవి:
డిపాజిట్ 25,000, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు 12,500. చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటకపోతే తిరిగి రాదు. మేం ఫ్యాక్టరీ గేట్ల దగ్గర డబ్బా పట్టుకుని పోగుచేశాం, అన్నీ పది, ఇరవై నోట్లే. అది పోయింది. అంతకన్నా నన్ను బాధపెట్టింది బూత్‌లలో మా అభ్యర్థి తరఫున కూర్చునే ఏజెంట్లు లేకపోవడం. పోలింగ్ అయ్యాక ఎన్ని ఓట్లు పడ్డాయో రాసిన ఫారం 17సీ కాపీ ఏజెంటుకు ఇస్తారు. మాకు నాలుగు బూత్‌లలోనే మనుషులున్నారు. డబ్బుకన్నా ముందు మనుషుల్ని చూసుకోండి.

బాగేపల్లి_వాడు:
మాది తెలుగు మాట్లాడే ఊరే. సీపీఎం నుంచి జి.వి. శ్రీరామరెడ్డి గారు 1994లో, 2004లో మా ఎమ్మెల్యే. అదే పార్టీకి 2024లో చిక్కబళ్ళాపుర లోక్‌సభలో డిపాజిట్ దక్కలేదు. ఆ సీటులో ఎనిమిది అసెంబ్లీలున్నాయి, ఇటు బెంగళూరులోని యలహంక దాకా వస్తుంది. ఒక తాలూకాలో ఏళ్లపాటు రైతుల వెంట తిరిగి సంపాదించుకున్న పేరు అంత దూరం పాకదు. బీహార్‌లో సీపీఐ (ఎంఎల్) లిబరేషన్ పార్టీ అదే ఏడాది ఆరా, కారాకాట్ గెలిచిందంటే పొత్తు కూడా తోడైంది. మీ అన్న ముందు కార్పొరేషన్ వార్డులో నిలబడితే మంచిదని నా అభిప్రాయం.

మారతహళ్ళి_అక్క:
వార్డులోనూ నిలబడాలి, పార్లమెంటుకూ నిలబడాలి అన్నా. కాంట్రాక్టు కార్మికుల జీతాల గురించి మా వీధిలో మైకు పట్టుకుని మాట్లాడింది నేను సంతకం పెట్టిన ఆ ఒక్క అభ్యర్థే.

పీణ్యా_శ్రీను:
అక్కా, మీరు చెప్పాక చూశాను. నా ఓటు ఇంకా హిందూపురంలోనే ఉంది. ఓటు ఇక్కడికి మార్చమని ఈ రోజే ఫారం 8 పెట్టాను. మా రూంలో ఇంకో ముగ్గురున్నారు, ఆదివారం వాళ్లచేతా పెట్టిస్తాను.