సమస్య: నిప్పు నెత్తికెత్తి నిద్రపోయె

నిర్వాహకురాలు:
పండగ వారం సమస్య ఇది, పైనిచ్చిన పాదం చివర వచ్చేలా పద్యం పూరించాలి. ఇంట్లోవాళ్ళు మాత్రమే ఉండే చిన్న క్రిస్మస్, పొయ్యి దగ్గర పని, ఈ పరిధి దాటొద్దు. పోయినేడు చాలామంది బేత్లెహేము పొలాల్లో గొర్రెల కాపరుల దగ్గరే ఆగిపోయారు. శివుడి మూడో కన్నుతో పూరించి పంపే అలవాటున్నవాళ్ళు ఈసారికి ఆయన్ని వదిలేయండి.

గోదారిగట్టు:
ఇసుక పోసి గిన్నె నింపుగా నిలిపిన
యమ్మ చేతి కేకు హాయిగాను
పొంగు కలలు కనుచు పొయ్యిపై నడిరేయి
నిప్పు నెత్తికెత్తి నిద్రపోయె.

ఓవెన్ లేని రోజుల కేకు. పెద్ద గిన్నెలో ఇసుక, దాని మీద కేకు గిన్నె, పైన మూత, మూత మీద బొగ్గు నిప్పులు.

బెజవాడ మాస్టారు:
"పొంగు కలలు కనుచు"! నిద్రపోయేవాళ్ళు కలలు కంటారు, కేకు పొంగుతుంది. రెండూ ఒకచోట కలిసేసరికి సమస్యలోని వింత అంతా విడిపోయింది. సమస్య విప్పడమంటే ఇదీ. "హాయిగాను"లో ఆ "ను" మాత్రం గణం, అంటే పాదంలో అక్షరాల లెక్క, నింపడానికే వచ్చింది. ఇంత మంచి మూడో పాదం రాసిన చెయ్యి దాన్ని వదిలేయడం నాకు నచ్చలేదు.

మెతుకుసీమ:
"నడిరేయి" కూడా పూరకమని ఎవరైనా అనేలోపు చెప్తున్నా. అది ఉన్న మాటే. మా మెదక్ చర్చిలో పండగ ఆరాధన తెల్లవారుజామునే మొదలవుతుంది. 1924లో ఆ చర్చిని ప్రతిష్ఠించింది కూడా డిసెంబరు 25నే. చీకటితో లేచి బయల్దేరాలంటే కేకు ముందురోజు రాత్రే కావాలి. ఇంటిల్లిపాదీ పడుకున్నాక పొయ్యి దగ్గర ఒక్కరే మిగులుతారు. నా పూరణ ఆ ఒక్కరి గురించే.

గరిజె లొత్తి యొత్తి కడు నలసిన యవ్వ
రవ్వ కేకు గిన్నె రాళ్ళ మీద
పెట్టి మూత వేసి ప్రార్థన చేసియు
నిప్పు నెత్తికెత్తి నిద్రపోయె.

పల్నాటి పిల్లగాడు:
అక్కా, ఎంత బాగుందో! అందరం నిప్పు ఎవరి నెత్తిన అని వెతుకుతుంటే, మీ అవ్వ నిప్పుని గిన్నె నెత్తికెత్తి వెళ్ళి పడుకుంది. అంతే కదా, సమస్యలో ఉన్న మాటలకి ఇంతకంటే సూటి దారి లేదు.

బెజవాడ మాస్టారు:
భావానికి నమస్కారం. మూడో పాదం యతి చెల్లదు, పాదం మొదటి అక్షరంతో నాలుగో గణం మొదటి అక్షరం కలవాలి. "పె"కి "ప్రా" హల్లు కలిసింది, అచ్చు కలవలేదు. "చేసియు"లో "యు" కూడా ఊరికే నిలబడింది. వినాయక చవితికీ మెతుకుసీమ గారి పద్యం ఇలాగే మూడో పాదంలో జారింది.

మెతుకుసీమ:
మాస్టారూ, యతి దగ్గర ఇంత పదునైన చూపు పోయిన క్రిస్మస్‌కి ఎటు పోయింది? బెజవాడ వీధిలో మంచు కురిపించారు మీరు. డిసెంబరులో మనకి చలి ఉంటుంది, తెల్లారి పొగమంచు ఉంటుంది, చామంతులుంటాయి. ఇంటి చూరు మీద మంచు పేరుకోవడం ఎవరు చూశారు?

బెజవాడ మాస్టారు:
అది దూది. పశువుల పాక బొమ్మ కట్టి దాని కప్పు మీద పిల్లలు దూది పరుస్తారు కదా, ఆ మంచు. రెండో పాదంలో "దూది" అని స్పష్టంగా ఉంది. ఏడాదిగా ఇదే మాట అంటున్నారు, ఒక్కసారి ఆ పద్యం మళ్ళీ చదవండి.

పల్నాటి పిల్లగాడు:
మాస్టారిది దూదే, నాకు గుర్తుంది. నా పూరణ చూడండి.

పాట వారు వచ్చి పాడిపోవు వరకు
తలుపు చెంత వెలిగి తానె కరిగి
కొవ్వువత్తి రేయి కోడికూతకు ముందె
నిప్పు నెత్తికెత్తి నిద్రపోయె.

గోదారిగట్టు:
క్యారల్స్ వాళ్ళ కోసం తలుపు దగ్గర కొవ్వొత్తి, చాలా బాగుంది తమ్ముడూ. అయితే కొవ్వొత్తి నిద్రపోవడమంటే ఆరిపోవడమే కదా? ఆరాక నెత్తిన నిప్పెక్కడిది? కేకుకైతే నిప్పు పైన ఉండగానే నిద్ర కుదిరింది.

బెజవాడ మాస్టారు:
ఇంకోటి. కోడికూతకు ముందు అనగానే క్రైస్తవ పాఠకుడికి పేతురు బొంకు, యేసు ఎవరో తెలియదని కోడి కూయకముందే అనడం, గుర్తొస్తుంది. అది గుడ్ ఫ్రైడే ముందు రాత్రి మాట. పండగ ఇంట్లోకి ఆ నీడ వద్దు.

కృష్ణాతీరం:
స్పెయిన్‌లో క్రిస్మస్ అర్ధరాత్రి ఆరాధనకి కోడిపుంజు పేరే పెట్టుకున్నారు మాస్టారూ. కూత ఒక్క పేతురు సొత్తు కాదు. పిల్లగాడి పాదం ఉంచండి. నాదీ ఒకటి:

మూత కేకు నెట్లు ముదముతో కాచెను?
కాచుకున్న పాప కడకు నేమి
చేసె నమ్మ పిలువ చెంతకు రాకుండ?
నిప్పు నెత్తికెత్తి, నిద్రపోయె.

బెజవాడ మాస్టారు:
మళ్ళీ క్రమాలంకారమే, ముందు ప్రశ్నలు, చివర అదే వరసలో జవాబులు! దసరాకీ అదే, దీపావళికీ అదే. ఎంత గట్టి సమస్య ఇచ్చినా మధ్యకి విరిచి రెండు ప్రశ్నలు అడిగేస్తే అది తేలిపోదా?

గోదారిగట్టు:
ఈసారి ఒప్పుకోండి మాస్టారూ. విరిచిన రెండు ముక్కలూ ఒకే వంటింట్లో ఉన్నాయి. కేకు అయ్యేలోపు నిద్రపోయిన పాప లేని క్రిస్మస్ ఉందా?

మెతుకుసీమ అక్కా, మీ మూడో పాదం ఇలా చూడండి:
పెట్టి మూత వేసి పెదవిపై స్తుతితోడ

బెజవాడ మాస్టారు:
యతి కుదిరింది, పాదం పెరిగింది. స్తుతి పెదవి మీద ఉండగానే నిద్ర పట్టిందన్నమాట. కానీ నాదొక లోకజ్ఞానపు సందేహం. మూత మీద నిప్పులు పెట్టి పడుకుంటే కేకు మాడదా?

మెతుకుసీమ:
మాడదు. గ్యాసు మంటైతే ఎవరో ఒకరు ఆపాలి. నిప్పుల సంగతి వేరు. అవి కాసేపు కణకణలాడి, వాటంతటవే నివురు గప్పి, మెల్లగా తగ్గిపోతాయి. కింద తక్కువ, పైన ఎక్కువ వేస్తే అడుగు నల్లబడదు, పైభాగం ఎర్రగా వస్తుంది. మీ వైపు దిబ్బరొట్టె కాల్చే పద్ధతీ ఇదే కదా. పైగా మధ్యలో మూత తీసి చూడకూడదు, తీస్తే కేకు నడుమ కుంగుతుంది. అవ్వకి నిప్పుల లెక్క తెలుసు కాబట్టే నిద్రపోయింది.

నిర్వాహకురాలు:
ఈ సంగతి పద్యంలోకి రావాలి! రెండు, మూడు పాదాలు ఇలా మార్చితే?

రవ్వ కేకు గిన్నె రాళ్ళ నిలిపి
నివురు గప్పు ననెడి నెమ్మదితో మెల్ల

బెజవాడ మాస్టారు:
"నివురు", "నెమ్మది" యతి సరే. ఇప్పుడు నిద్రకి కారణం నిప్పులోనే దొరికింది. నా ఓటు దీనికే.

మెతుకుసీమ:
నెమ్మది చాలా నచ్చింది, దాచుకుంటా. నా పేరు మీద మాత్రం గోదారిగట్టు గారి స్తుతి పాదమే ఉండనివ్వండి. మా అవ్వ పిండి కలపడం మొదలుపెట్టిందంటే కేకు దించేదాకా ఏదో ఒక కీర్తన సన్నగా పాడుతూనే ఉండేది. అది తీసేస్తే పద్యంలో ఉన్నది మా అవ్వ కాదు.

నిర్వాహకురాలు:
అలాగే, స్తుతి పాదంతోనే ఎంపికలో చేరుస్తున్నాను. గోదారిగట్టు గారి "పొంగు కలలు" దాని పక్కనే. పిల్లగాడూ, ఆ "రేయి" తీసి ఇంకో మాట వేసి పంపు, కోడికూత ఉండనీ. మాస్టారి దూది పద్యం వెతికి కింద పెడుతున్నాను, మంచు తగాదా అక్కడ తేల్చుకోండి.