హైబ్రిడ్ కారును ‘సంకర వాహనం’ అనొచ్చా?

ప్రశ్న:
స్పోర్ట్స్ కార్ల మీద ఒక తెలుగు వ్యాసం దిద్దాలి. ఇంజనూ కరెంటు మోటారూ కలిపి నడిపే హైబ్రిడ్ పద్ధతిని ‘సంకర సాంకేతికత’ అనీ, బ్రేకు తొక్కినప్పుడు కరెంటు తయారవడాన్ని ‘పునరుత్పాదక బ్రేకింగ్’ అనీ రాశారు. రెండూ పంటి కింద రాళ్లలా తగులుతున్నాయి. ఏమని మార్చమంటారు?

జవాబు:
సంకరజాతి ఆవులో ఏ జాతి వాటా ఎంతో విడదీసి చూపలేం. అలంకారశాస్త్రం ఈ తేడా ఎప్పుడో చెప్పింది. నువ్వులూ బియ్యమూ కలిస్తే ఏరుకోవచ్చు, అది సంసృష్టి. పాలూ నీళ్లూ కలిస్తే ఏరలేం, అది సంకరం. ఇప్పుడు 2019లో వచ్చిన ఫెరారీ ఎస్‌ఎఫ్90 స్ట్రడాలే చూడండి. 4 లీటర్ల వీ8 ఇంజను, మూడు మోటార్లు. ఇంజను తిప్పేది వెనక చక్రాలనే. ముందు చక్రాలకు రెండు మోటార్లు, వాటికీ ఇంజనుకూ మధ్య షాఫ్టే లేదు. గేర్‌బాక్సులో రివర్స్ గేరు కూడా పెట్టలేదు, బండి వెనక్కి రావాలంటే ఆ ముందు మోటార్లే ఎదురు తిరుగుతాయి. ఇంజను ఆపేసి కరెంటు మీదే 25 కిలోమీటర్ల దాకా పోతుంది. ఇది సంకరం ఎలా అవుతుంది?

మరో జవాబు:
ఆ పోలిక బాగుందండీ, కానీ అన్ని బండ్లకూ నప్పదు. 2024 నాటి పోర్షే 911 జీటీఎస్‌లో, ఇంజనులోకి గాలిని నెట్టే టర్బో ఇరుసు మీదే మోటారు కూర్చుంది. ఒక పక్క పొగ తిప్పే చక్రం, ఇంకో పక్క గాలి తోసే చక్రం, నడుమ మోటారు. పొగ జోరు అందుకునేదాకా ఆగకుండా, యాక్సిలరేటర్ తొక్కగానే మోటారే టర్బోను తిప్పేస్తుంది. పొగ జోరు ఎక్కువైతే అదే మోటారు కరెంటు తీస్తుంది. ఫార్ములా వన్‌లో 2014 నుంచి 2025 దాకా టర్బోకు ఇలాంటి మోటారే ఉండేది. ఈ 911 బ్యాటరీ 1.9 కిలోవాట్ అవర్లే, ఒట్టి కరెంటు మీద నడవదు. ఇవి పాలూ నీళ్లే. అందుకే రెండింటికీ చెల్లేలా ‘హైబ్రిడ్’ అనే ఉంచండి. హైబ్రిడ్ వంగడాల పుణ్యమా అని ఆ మాట ఊళ్లలో ఎప్పుడో తెలుగైపోయింది. అన్నట్టు, ఆ వ్యాసంలో టార్క్‌ను, అంటే చక్రాన్ని తిప్పే బలాన్ని, ‘భ్రామకం’ అని ఉంటే ఒక్కసారి ‘లాగుడు’ పెట్టి చూడండి. మన మెకానిక్ షెడ్లలో ‘బండి లాగట్లేదు’ అనేది దాని గురించే.

ఇంకో జవాబు:
రెండో మాట మాత్రం తప్పే. పునరుత్పాదకం అంటే ఎండా గాలీలా వాడినా తరగనిది. ఇక్కడ జరిగేది వేరు. ప్యాడు డిస్కును రాసుకుంటే బండి వేగం వేడిగా పోతుంది. అలా పోకుండా మోటారును జనరేటరుగా తిప్పి, ఇన్వర్టరు ద్వారా బ్యాటరీకి పంపుతారు. బాకీ రాబట్టినట్టే, కాబట్టి ‘శక్తి రాబట్టే బ్రేకు’ అనండి. బ్యాటరీ నిండుగా ఉన్నా, బాగా చల్లబడి ఉన్నా ఆ కరెంటును తీసుకోదు. అప్పుడు భారమంతా ప్యాడ్ల మీద పడుతుంది. ఆ మార్పు కాలికి తెలియకుండా చేయడమే కష్టం. 2013 మెక్లారెన్ పీ1లో పెడల్ స్పర్శ చెడకూడదనే ఈ ఏర్పాటు పెట్టలేదు. 2023 ఫిబ్రవరి 11న మన హుస్సేన్ సాగర్ ఒడ్డున పరుగెత్తిన ‘ఫార్ములా-ఈ’ రేసు కార్లు హైబ్రిడ్లు కావు, పూర్తి కరెంటువి. వాటిలో ముందు మోటారు 250, వెనకది 350, కలిపి 600 కిలోవాట్ల దాకా రాబట్టగలవు.

ప్రశ్న అడిగినవారు:
రెండూ మార్చేస్తున్నాను. ఇంకొక్కటి. ‘2009లో ఫార్ములా వన్ కార్లకు 60 కిలోవాట్ల శక్తి నిల్వ ఉండేది’ అన్న వాక్యం సరైనదేనా?

జవాబు:
కాదండీ. మన భౌతికశాస్త్రం పుస్తకాల్లో కిలోవాట్లకు సామర్థ్యం, కిలోజౌళ్లకు శక్తి. బ్రేకుల్లో రాబట్టిన శక్తి వాడకానికి అప్పటి నిబంధన ల్యాపుకు, అంటే ట్రాకు చుట్టూ ఒక చుట్టుకు, 400 కిలోజౌళ్లు, 60 కిలోవాట్ల చొప్పున. భాగిస్తే 6.7 సెకన్లు. ఇలా రాయండి: ‘ల్యాపుకు 400 కిలోజౌళ్ల శక్తిని, 60 కిలోవాట్లకు మించకుండా, సుమారు 6.7 సెకన్ల పాటు వాడుకోవచ్చు.’