మంత్రగాడు నీళ్ల గుట్టు దాస్తే పాపమా? గేమ్ కథకు సలహా కావాలె

ఫాంటసీ గేమ్ కథలో ఊరు నల్లగొండ జిల్లాల ఫ్లోరైడ్ నీళ్లతోని గోసపడ్డ మర్రిగూడ దిక్కు ఊర్ల లెక్కనే. బావినీళ్లు తాగి పిల్లల పళ్లు గారపట్టినయ్, పెద్దల నడుములు వంగినయ్. మంత్రగానికి విరుగుడు తెలుసు, చెప్పడు. అది అసలుకు నీళ్లల్లకెల్లి ఫ్లోరైడ్ తీసే నల్లగొండ పద్ధతే: ముందు సున్నం, తర్వాత దానికి సుమారు 20 రెట్లు పటిక, 10 నిమిషాలు మెల్లగ కలిపి, గంట తేరనిచ్చి పైనీళ్లు వంచుకునుడు.

చిక్కంతా పటిక కొలతతోనే. ఫ్లోరైడును, నీటి క్షారతను (ఆమ్లాన్ని తట్టుకునే గుణాన్ని) బట్టి మారుతది. తక్కువైతే ఫ్లోరైడ్ పోదు, ఎక్కువైతే అల్యూమినియం నీళ్లల్లనే మిగులుతది. "ఊరోళ్లు కొలత తప్పుతరు, అందుకే చెప్ప" అంటడు మంత్రగాడు. నాకైతే సాకే అనిపిస్తది, వంగిన ఎముక మళ్ల నిటారు కాదాయె.

మరి ఆటగాడు ఆ గుట్టు దొంగిలించి, కొలత తెల్వకుండనే ఊరికి చెప్తే తప్పు ఎవరి మీద పెట్టాలె? కథలు రాసేటోళ్లు, నీళ్ల పని తెలిసినోళ్లు చెప్పుండ్రి.